దోస్తీకి భయపడిన పెద్దమ్మ

పోయిన వారం మధ్యాహ్నం క్లాసు ముగించుకుని వచ్చి చూసుకుంటే ఫోనులో ఒకరివే నాలుగైదు పిలుపులున్నాయి. నందికొట్కూరులో మా పక్కింటి పెద్దమ్మ కూతురు. నాకు చెల్లెలి వరస. ఆత్మకూరులో కాపురం, ఆ వారం తల్లి దగ్గరికి వచ్చి ఉంది. తిరిగి చేశాను.

"అమ్మ పోయిందక్కా. అన్నం తిని పండుకునింది. టీ తాగుదువు లేమ్మా అని లేపితే లేయలే."

ఏడుపు రాకముందే నా నోట్లోంచి వచ్చిన మాట నాకే వింతగా వినిపించింది. "సిలోను పెద్దమ్మకు చెప్పినారా?"

శ్రీలంకలో ఉన్న వాళ్లమ్మ అక్కను మేమట్లా పిలుస్తాం. "నువ్వే చెప్పక్కా. నాకు భయమైతాండాది," అంది.

ఆ ఇంట్లో భయానికి ఒక చరిత్ర ఉంది. అది చెప్పకుండా ఆమెను తలచుకోవడం నాకు చేతకాదు.

మా పెద్దమ్మ శ్రీలంకలో ఒక తేయాకు తోటలో పుట్టింది. కరువు రోజుల్లో కర్నూలు దిక్కు నుంచి కూలికి పోయి అక్కడే నిలిచిపోయిన తెలుగువాళ్లు ఆమె ముత్తాతలు. రెండు దేశాలకూ స్వాతంత్ర్యం వచ్చాక, ఈ కూలిజనం ఎవరి వాళ్లన్న ప్రశ్న వచ్చింది. మావాళ్లు కారని అక్కడ అన్నారు. మీ దగ్గరే పుట్టారు కదా అని ఇక్కడ అన్నారు. చివరికి ప్రధానులిద్దరూ స్నేహంగా కూర్చుని ఒప్పందం రాసుకున్నారు: ఇంతమంది మీకు, ఇంతమంది మాకు. అందులో తేలకుండా మిగిలినవాళ్లను కొన్నేళ్ల తర్వాత మళ్లీ కూర్చుని చెరి సగం పంచుకున్నారు. పెద్దమ్మ వాళ్ల నాయన ఇండియాకు పేరిచ్చాడు. అప్పటికే పెళ్లయిన అక్క, భర్తతో పాటు అక్కడి వంతులోకి పోయింది. పెద్దమ్మది అప్పుడు ఇంకా లంగా జాకెట్టు వయసు. తల్లిదండ్రులతో ఓడెక్కి, తమిళనాడు తీరంలోని మండపం క్యాంపులో కొన్నాళ్లుండి, కర్నూలు దగ్గర నూలు మిల్లులో పనిస్తామంటే ఇటు వచ్చింది. ఆ మిల్లు మనిషినే చేసుకుని మా పక్కింట్లో కాపురం పెట్టింది.

"రేడియోలో చెప్పినారు పాపా, ఇద్దరూ శానా దోస్తీగా ఉండారని," అని చెప్పేది. "తోట ఆఫీసు కాడ అందరికీ బెల్లం పంచినారు. మా నాయన సంతోషపడె. మా యక్క ఏడ్చె. నేను బెల్లం తింటా ఉన్యా."

నన్ను ఆమె ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. నలభై దాటినా పాపనే.

చేన్లో పాము కనపడితే కట్టె తీసుకుని అదిలించే మనిషి ఆమె. మిల్లు మూతపడి, ఆ వెనకే భర్త కూడా పోయాక, కూలికి పోయి ఇద్దరు పిల్లల్ని సాకింది. మిరపకాయలు కోసేటప్పుడు తేయాకు కోసినట్టే గంపను వీపుకు వేలాడేసుకుని, పట్టీని నుదుటికి తగిలించుకునేది. రెండు చేతులతో కోసి, వెనక్కి చూడకుండా భుజం మీంచి గంపలోకి విసిరేది. తక్కిన ఆడవాళ్లు నవ్వేవారు. "ఏమ్మే, కోతి పిల్లను మోస్చాండావా?" అని ఒకామె అంటే, "నీ మొగుడే మే, దిగనంటాండాడు," అంది ఈమె. ఆ సాలులో ఆ పూట ఇంక పని సాగలేదు.

అట్లాంటి మనిషి టీవీలో ఇద్దరు నాయకులు చేతులు కలిపితే లేచి నిలబడేది. మన దేశమూ శ్రీలంకే కానక్కర్లేదు. నేపాల్ ఆయన వచ్చినా, భూటాన్ రాజు వచ్చినా, ఇద్దరు పొరుగువాళ్లు నవ్వుతూ ఫొటోకు నిలబడ్డారంటే చాలు, ఆమెకు బెదురు పట్టుకునేది. వెంటనే ఫోను అందుకునేది. డోన్‌లో రైల్వేలో పనిచేసే కొడుక్కు, ఆత్మకూరులో కూతురికి, నాకు.

ఒకసారి కొడుకుతో మాట్లాడుతుంటే పక్కనే ఉన్నాను.

"నువ్వు రా నాయనా."

"ఏమైందిమా? ఎవురు కలిసినారు ఈసారి?"

"ఎవురో. వాటేసుకున్యారు ఇద్దరూ. గట్టిగా."

"డ్యూటీలో ఉండా మా."

"డ్యూటీ దిగినాకనే రా. కోడి కోస్తాండా."

అందరూ వచ్చాక వరసగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరినీ పేరుతో, నన్ను మాత్రం పాపా అని, పిలిచేది. పిలిచినవాళ్లు "ఉండా" అనాలి. అందరూ అన్నాకే అన్నం వడ్డించేది. మనవళ్లకు అదొక పండగ. "అవ్వా, నెలకొకసారి వాటేసుకుంటే బాగుంటుంది కదా," అని ఒకడు అంటే అందరం నవ్వాం. ఆమె నవ్వలేదు. వాడి కంచంలో ఇంకో ముక్క వేసి, వాడి తల మీద చెయ్యి అట్లాగే కాసేపు ఉంచింది. మళ్లీ ఒకసారి అందరినీ లెక్కపెట్టుకుంది.

నేను తిరుపతిలో ఎం.ఏ. చదివేటప్పుడు హాస్టలుకు ఫోను చేసి పాపను పంపమని అడిగిందట. ఇంట్లో ఎవరికైనా బాగాలేదా అని వార్డెను అడిగితే, "అందరూ బాగుండారు మేడమ్. వాళ్లిద్దరే దోస్తీ అయినారు," అని చెప్పింది. వార్డెనమ్మకు ఏం అర్థమైందో ఏమో, నాకు సెలవైతే ఇచ్చింది.

నేను చదివింది రాజనీతిశాస్త్రం. కర్నూలులో ఇప్పుడు పిల్లలకు చెప్పేదీ అదే. ఇరుగుపొరుగు దేశాలతో సంబంధాలని ఒక పాఠం ఉంది. మాటలతో తీర్చుకున్న తగాదాల్లో ఒకటిగా ఆ ఒప్పందం కూడా అందులో వస్తుంది. ఆమెతో వాదించేదాన్ని.

"దేశాలు కొట్లాడుకుంటే కదా పెద్దమ్మా భయపడాల్సింది?"

"కొట్లాటప్పుడు ఎవురి జనాన్ని వాళ్లు కడుపులో పెట్టుకుంటారు పాపా. దోస్తీ కుదిరినప్పుడే పంపకాలు."

"ఒప్పందమే లేకపోతే మీరంతా ఏ దేశమూ లేకుండా ఉండిపోయేవాళ్లు."

"కావచ్చు. నన్ను అడిగింటే యాడికి పోతానంటానో నాకే తెల్దు. అడగలేదు, అంతే."

ఆ ఒప్పందం మంచిదా చెడ్డదా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. పాఠం అట్లాగే చెప్తున్నాను. తేల్చి చెప్పగలిగే వాళ్లను చూస్తే అసూయగా ఉంటుంది.

దోస్తీని ఆమె దీవించిన రోజు ఒకటి నాకు తెలుసు. ఆ ద్వీపంలో డబ్బు విలువ పడిపోయి, గ్యాసుకూ మందులకూ జనం వీధుల్లో నిలబడిన ఏడాది. అక్క వీడియోలో సగమైపోయి కనపడేది. పెద్దమ్మ ఇక్కడ రాత్రి అన్నం మానేసింది. ఒకరోజు ఫోనులో అక్క బియ్యం సంచి ఎత్తి చూపించింది. "మీ దేశం బియ్యం చెల్లే! తోటలో ఇంటింటికీ ఇచ్చినారు." పెద్దమ్మ చాలాసేపు ఆ సంచినే చూసింది. ఆదివారం చర్చిలో ప్రార్థన విన్నపాలు చెప్పమంటే లేచి, "ఆ ఇద్దరు పెద్దమనుషుల దోస్తీ నిలబడాల," అంది. అని, కూర్చుంటూ నా చెయ్యి పట్టుకుని గుసగుసగా అడిగింది. "బియ్యం ఇచ్చినోళ్లు, బదులేమన్నా అడుగుతారా పాపా?"

ఆ ఏడాదే నాకు పట్టుదల వచ్చింది. యాభై ఏళ్లుగా ఒకరినొకరు తాకని అక్కచెల్లెళ్లు. ఇద్దరినీ ఒకచోట చేర్చాలి. ఎప్పుడు పోదాం పెద్దమ్మా అని అడిగితే మొదట్లో ఒకటే జవాబు: "ఆ పంచుకున్నోళ్లు మనల్ని మర్చిపోయినప్పుడు." బతిమాలి బతిమాలి చివరికి పాసుపోర్టుకు పెట్టించాను. ఆమె పౌరసత్వం కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. అక్కడ దాకా అంతా సాఫీగానే జరిగింది.

విచారణకు కానిస్టేబుల్ వచ్చాడు. మంచివాడు. చెప్పులు బయట విడిచి, అరుగు మీద కూర్చుని మంచినీళ్లు అడిగి తాగాడు.

"పుట్టింది యాడమ్మా?"

"ఈడనే," అంది పెద్దమ్మ.

నేను ఉలిక్కిపడ్డాను. ఆయన కాగితం తిరగేశాడు. "శ్రీలంక అని ఉండాది కదమ్మా ఇందులో?"

"అయితే ఆ కాగితం నాది కాదు సార్."

"ఫొటో నీదే కదమ్మా!"

"నా మాదిరి శానామంది ఉంటారు సార్. నేను ఈడనే పుట్న్యా. యాడికీ పోను. ఎవురితో అయినా చెప్పిస్తా." ఆమె మాట్లాడుతూనే గుమ్మానికి చేరగిలబడి అట్లాగే కిందికి జారిపోయింది. కానిస్టేబుల్ బెదిరిపోయి తన గ్లాసులో నీళ్లే ఆమె ముఖాన చల్లాడు. "ఏమప్పా ఇది, నేనేమన్నా అంటినా? పోతాండాలేమ్మా, నువ్వు కుదుటపడు," అంటూ కాగితాలు సర్దుకున్నాడు. ఆమెకు మూడు రోజులు జ్వరం. మళ్లీ ఆ మాట ఎత్తడానికి నాకు ధైర్యం చాలలేదు.

అప్పుడు అక్కే అంది. "నువ్వు రావద్దులే చెల్లే. నేనే వస్తాను. నన్ను పట్టి పెట్టుకుంటే పెట్టుకోనీ, నీ ఇంట్లోనే కదా పెట్టుకుంటారు!" అంటూ పళ్లు లేని నోటితో నవ్వింది. ఆమె అక్కడ పాసుపోర్టుకు పెట్టింది. క్రిస్మస్‌కు రావాలని అనుకున్నారు.

పెద్దమ్మ ఇంటికి సున్నం కొట్టించింది. కొత్త చాప కొంది. అక్క చలికొండల మనిషి, ఇక్కడి డిసెంబరు ఎండకైనా తట్టుకోలేదని కొడుకు చేత కూలర్ తెప్పించింది. ఎంత సంతోషపడేదో అంత బెదిరిపోయేది. నేను చివరిసారి చూసిన రోజు కూలర్‌లో నీళ్లు పోస్తూ ఉంది.

"రానిస్తారు పాపా, అది తెల్సు. మళ్లీ పోనిస్తారా? దానికి ఆడ మనవళ్లు ఉండారు. నా ఇంటికొచ్చి అది వాళ్లకు దూరమైతే?"

"ఎందుకు పోనివ్వరు పెద్దమ్మా? ఇప్పుడు రోజూ వేలమంది వస్తా పోతా ఉన్నారు."

"నువ్వు దగ్గరుండి ఎక్కించాల. అది ఎక్కిన ఇమానం కంటికి కనపడకుండా పోయేదాకా తిరిగి రావద్దు."

సరేనన్నాను. ఆ రోజు నుంచి నేను పేపరు చదివే తీరే మారిపోయింది. మన చేపల పడవలను శ్రీలంకవాళ్లు పట్టుకున్నారని వస్తే, సంబంధాలు తెగుతాయేమోనని భయపడేదాన్ని. నాయకులు నవ్వుతూ కనపడితే ఫొటో కింద ఉన్న చిన్న అక్షరాలన్నీ చదివేదాన్ని, ఎవరి గురించి ఏం రాసుకున్నారోనని. ఆ భయం ఇప్పుడు నాలోనూ ఉంది. చదువు దాన్ని తగ్గిస్తుందనుకున్నాను. తగ్గించలేదు. ఎక్కడెక్కడ వెతకాలో మాత్రం నేర్పింది.

అక్కకు పాసుపోర్టు ఇంకా చేతికి రాలేదు. ఈలోపే ఈమె పోయింది.

ఫోను చెయ్యడానికి నాకు గంట పట్టింది. అక్కడా ఇక్కడా గడియారం ఒకటే. ఆమె కూడా అప్పుడు మధ్యాహ్నం నిద్ర లేచే వేళే. చెప్పాను. ఆమె అరవలేదు. "దగ్గర ఎవరున్నారు?" అని అడిగింది. కూతురుందని చెప్తే, "మంచిది. ఒక్కటే ఉంటే భయపడేది," అంది. మళ్లీ తనే, "నాకు చూపిస్తావా తల్లీ, రేపు?" అంది.

మరుసటి రోజు ఊరి బయట క్రైస్తవుల శ్మశానంలో, నల్లరేగడి బీటలు తీసిన చోట గొయ్యి తవ్వారు. నేను ఫోను ఎత్తి పట్టుకుని నడిచాను. సిగ్నలు ఉంటుందో పోతుందోనని మాటిమాటికీ చూసుకుంటున్నాను. తెరలో అక్క పక్క మనవరాలు, వాళ్ల వెనక వాన. ఇక్కడ ఎండ మాడ్చేస్తోంది. పాస్టరుగారు వాక్యం చదివారు. పెట్టెను తాళ్లతో దింపారు. అందరూ పిడికిట మట్టి తీసుకున్నారు.

"కనపడటం లేదమ్మా," అంది అక్క. "ఎండే కనపడతాంది. కొంచెం కిందికి పట్టు."

వంగాను. "ఇంకొంచెం," అంది. గొయ్యి అంచున బోర్లా పడుకుని చెయ్యి లోపలికి చాచాను. అంచు మట్టి రాలుతోంది. ఫోను జారిపోతుందేమోనని వేళ్లు బిగుసుకున్నాయి. డోన్ నుంచి వచ్చిన కొడుకు నా భుజాలు రెండూ గట్టిగా పట్టుకున్నాడు. "వదలద్దక్కా," అంటున్నాడు. వదలద్దన్నది ఫోనునో, మరి దేన్నో. పెట్టె మూతకు జానెడు ఎత్తులో ఫోను నిలిచింది. ఆ చీకట్లో అక్క ముఖం ఒక్కటే వెలుగుతోంది. అరచెయ్యి చాచి, తన వైపు తెర మీద ఆనించింది. ఆకు కోసి కోసి గీతలు నల్లబడిన అరచెయ్యి. అది తెరంతా కప్పేసింది.

ఆమె ఆ చెయ్యి తీసేదాకా ఎవరూ మట్టి వెయ్యలేదు.