కాపు కాసిన కొరమీను

వాగ్దేవికి నమస్కరించి, ఆశ్వయుజ బహుళ తదియనాటి ఉదయం ఈ నాలుగు మాటలు వ్రాయడానికి కూర్చున్నాను. ఇందాక చిత్తూరు సంతవీధిలో ఒక చేపలామె, బేసినులో ప్రాణంతో ఉన్న కొరమీనుపై నీళ్లు చిలకరిస్తూ ఉండగా చూసి, ముఖం తిప్పుకొని వచ్చేశాను. శాకాహారిని కనుక తప్పుకొన్నానని ఆమె అనుకొని ఉంటుంది. కారణం అది కాదు.

ఐరాల దగ్గరి ఒక ఉన్నత పాఠశాలలో నేను తెలుగు పండితుడిగా ఉన్న రోజులవి. మా బడి డ్రిల్లు మాస్టరు నాకు ప్రాణమిత్రుడు. శరత్తులో వానలు తెరిపి ఇచ్చి కుంటల్లో నీరు తేటపడగానే, ఆదివారాలలో ఇద్దరమూ వెదురు గాలాలు సైకిళ్లకు కట్టుకొని బయలుదేరేవాళ్లం. కొరమీనుకు కప్పపిల్లను ఎరగా గుచ్చడం అక్కడి వాడుక. అది చూడలేక నేను కళ్లు మూసుకొనేవాణ్ణి గనుక, ఆయన నా కోసమని కోడి ఈకలను ఎర్రదారంతో గాలానికి చుట్టి, నీటిమీద ఎగిరిపడే పురుగులాగా చేసి ఇచ్చేవాడు. పట్టిన చేప ఆయన ఇంటికి, పట్టిన ముచ్చట నాకు. అయితే రెండు శరత్తులు గడిచినా నా గాలానికి చెప్పుకోదగిన చేప పడలేదు.

“నీ ఈకను సూస్తానే, ఈయన యాడ పద్యం సదువుతాడోనని మీన్లన్నీ పారిపోతాండాయప్పా” అని నవ్వేవాడు. ఆ మాటనే ఉపాధ్యాయుల గదిలోనూ చెప్పేవాడు. అందరితోపాటు నేనూ నవ్వేవాణ్ణి. లోపల మాత్రం ముల్లు గుచ్చుకొనేది.

ఆయనకు ఒక నియమం ఉండేది. కొరమీను పిల్లలు ఎర్రగా గుంపుకట్టి నీటిమీద తేలుతుంటే, వాటి అడుగున తల్లీ తండ్రీ కాపు కాస్తుంటాయి. ఆ గుంపు మీద ఏది వాలినా ఆకలి లేకున్నా కోపంతో వచ్చి కరుస్తాయి. అక్కడ గాలం వేయరాదని ఆయనకు వాళ్ల నాయన నేర్పినాడట.

సిద్ధార్థి సంవత్సరం ఆశ్వయుజమాసం చివర ఒక ఆదివారం, ఆయన కట్టకు అవతల ఉన్న సమయంలో, నా ఎదుటనే కుంకుమ చల్లినట్లు ఆ పిల్లల గుంపు తేలింది. చూశాను. ఆయన రావడం లేదని కూడా చూసుకొన్నాను. అప్పుడు ఈకను సరిగ్గా గుంపు నడుమ వేశాను. మోచేయంత కొరమీను ఒడ్డున పడి కొట్టుకొంటుండగా, గర్వంతో ఆయనను కేకవేసి పిలిచాను.

వచ్చినవాడు నీటివైపు చూశాడు. చెదిరిన పిల్లలను జెల్లచేపలు అందినవి అందినట్లు మింగుతున్నాయి. పిల్లలు నాకు కనబడలేదని చెప్పాను.

“సూసినావు. సూసినాకనే ఏసినావు” అన్నాడు మెల్లగా. “తప్పు సేసినానని అనింటే, తిట్టి మర్సిపోయిందును గదప్పా.”

అప్పుడైనా ఒప్పుకోవలసింది. బ్రతికి ఉన్న కప్పలను గుచ్చే చేతులకు చేపల మీద ఈ జాలి ఎక్కడిదని అడిగాను. ఆయన గాలం చుట్టుకొని సైకిలెక్కాడు. చేపను తీసుకొమ్మంటే తలైనా తిప్పలేదు. దానిని నా ఇంటి గడప దాటించలేను గనుక కట్టమీదనే వదిలి వచ్చాను.

ఇప్పుడు ఆ కుంటలు చాలావరకు చదునై ఇళ్లస్థలాలైనాయని నా ఈడువారు వాపోతుంటారు. నేను ఆ మాటలలో కలవను. ఆ కుంట నిండుగా ఉన్ననాడే నాకు దాని దారి మూసుకుపోయింది.

ఆ ఏడు కార్తిక బహుళ పాడ్యమినాడు ఆయన సత్యవేడుకు బదిలీ కోరుతూ అర్జీ పెట్టాడు, పుష్యమాసంలో వెళ్లిపోయాడు. వీడ్కోలు సభనాడు నేను సెలవు పెట్టాను.