చైనా ఫోన్‌లో 'పసుపు ఆవిరి'... మామ పాటలకు నేను వేసిన మార్కులు

మా చిన్నప్పుడు, ఆరో తరగతిలో అనుకుంటా... కోరుట్లలో బీడీలు చుట్టే ఆడవాళ్ల మధ్య చైనా ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. చంకలో లాంగ్ నోట్‌బుక్.

ఫోన్‌లో ఉన్నవి మా శీను మామ పాటలు. మామ అంటే అమ్మకు తమ్ముడు. పెళ్లిళ్లలో వాయించే ఇద్దరు దోస్తులతో కలిసి ఒక బ్యాండు కట్టి, ఏడు పాటలు రికార్డు చేసి, మెమరీ కార్డులో ఎక్కించాడు. వాటన్నిటికీ కలిపి పెట్టిన పేరు 'పసుపు ఆవిరి'.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. ఎక్కడ చూసినా దీక్షా శిబిరాలు, డప్పులు, ధూంధాం పాటలు... మామ పాటలు మాత్రం వేరే లోకం. పసుపు ఉడికే ఆవిరిలో ఊరికి ఊరే తేలిపోతుంది... చెరువు లేచి ఆకాశంలో పడుకుంటుంది... గిటారు వంకర్లు తిరుగుతుంది. మైక్‌సెట్టు ఎకోలో ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది.

అప్పటికే మామకు మస్కట్ వీసా వచ్చింది. అమ్మమ్మ పొమ్మని ఒకటే పోరు. జగిత్యాల శిబిరంలో పాటలు చూసుకునే పెద్దమనిషి మాత్రం, "జనానికి నచ్చిందంటే చెప్పు, ఆదివారం స్టేజి ఎక్కిస్త" అన్నాడు. ఆ మాట పట్టుకుని మామ నాకు పని అప్పజెప్పాడు.

"బిడ్డా, నేను పోయి అడిగితే మొకం ముంగట అందరు మంచిగనే అంటరు. నువ్వు అడుగు. ఉన్నదున్నట్టు రాస్కరా. నచ్చితే ఉంట... లేకుంటే ఇమానమెక్కుత."

మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేనే. మామకు అక్షరాలు రావు, అంకెలు వస్తాయి. అందుకే బాగా ఆలోచించి, ఒక్కొక్కరి మాట పక్కన మా సార్ వేసినట్టు పదికి మార్కులు వేద్దామనుకున్నాను... మామే స్వయంగా చూసుకుంటాడు కదా అని. ఎంత తెలివైనదాన్నో అని నాకు నేనే మురిసిపోయాను.

కోరుట్లలో మొదటి పాట అయిపోగానే, బీడీలు చుడుతున్న పోశవ్వ ఒళ్లోని చాట మీంచి తలెత్తింది.

"ఏందే గిది? జరమచ్చినోడు కలవరిచ్చినట్టున్నది!"

అందరూ పకపకా నవ్వారు.

"జై తెలంగాణ అనుడు ఏడున్నదే దీంట్ల?" అంది పక్కనున్నామె.

"గది కొత్త తీరు పాట అవ్వా..." అన్నాను.

"కొత్తదో పాతదో... గీ పాటకు చెయ్యి సాగుతలేదు పిల్లా. ఒక్క కట్ట గూడ కాలే. ఉరుకుడు పాట పెట్టు! మీ మామను దవాఖాన్ల సూపెట్టుండ్రి!" అంది పోశవ్వ.

ఆమెకు మూడు వేశాను. పక్కనామెకు రెండు, ఇంకొకామెకు నాలుగు. ఆ రెండును ఏడుగా మార్చాలని మనసు ఎంత కొట్టుకుందో... కానీ ఉన్నదున్నట్టు రాయమన్నాడు కదా.

సిరిసిల్లలో మా చిన్నమ్మ ఇంటి పక్కనే మరమగ్గాల షెడ్డు. అక్కడ పనిచేసే తాత ఫోన్‌ను చెవికి అదిమి పెట్టుకుని చాలాసేపు విన్నాడు.

"ఏమినవడ్తలేదు బిడ్డా, మగ్గాల సప్పుడే ఉన్నది. బందు నాడు రా... అన్ని ఆగుతయి, సల్లగ కూసోని పాట ఇంట."

బందు నాడు బస్సులు కూడా ఆగుతాయని ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు... ఆ గడి ఖాళీగానే ఉండిపోయింది.

శనివారం అమ్మ వెంట ఇబ్రహీంపట్నం వెళ్లాను, పసుపు కూలికి. ఆదివారానికి ఇంక ఒక్కరోజే. ఉడికిన పసుపు ఆరబోస్తున్న రాజక్కకు మూడో పాట వినిపించాను. ఆమె భర్త దుబాయిలో ఉంటాడు.

"ఊరు తేలుతున్నది... తేలుతున్నది..."

రాజక్క చేతులు ఆగిపోయాయి.

"మా ఆయన ఫోన్ల మాట్లాడితే గిట్లనే... ఒక్క మాట రెండుసార్ల ఇనవడ్తది" అంది. కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "బంద్ చెయ్యి బిడ్డా... బంద్ చెయ్యి."

మంచిగా పనిచేసుకుంటున్న మనిషిని ఏడిపించానే అనుకుంటూ గట్టు పక్కన కూర్చుని రాశాను. "బంద్ చేయమన్నది." పక్కన పెద్ద సున్నా.

ఆ సాయంత్రం మామ నోట్‌బుక్ తెరిచి, అంకెల మీద వేలు పెట్టి కిందికి జరుపుతూ పోయాడు. మూడు... రెండు... నాలుగు... ఖాళీ గడి... సున్నా దగ్గర వేలు ఆగింది.

"గింత గనం ఎవలకు నచ్చలే బిడ్డా?"

"ఇబ్రహీంపట్నం రాజక్కకు."

ఏడ్చింది మామా అని చెబుదామనుకున్నాను... ఇంకా బాధపడతాడని చెప్పలేదు. "బంద్ చెయ్యమన్నది" అన్నాను, అంతే.

మామ నా తల నిమిరాడు. "మంచిగ రాసినవ్ బిడ్డా. ఒక్క మార్కు గూడ ఎక్వ వెయ్యలే."

ఆదివారం జగిత్యాలకు పోలేదు. పై వారం మస్కట్ వెళ్లిపోయాడు. ఆ ముగ్గురూ మళ్లీ కలిసి పాడలేదు.

ఒక పాట విని మనిషి కళ్లు తుడుచుకుందంటే దానర్థం ఏమిటో నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. తెలిసాక మామకు చెప్పడానికి ధైర్యం చాలలేదు. ప్రతి సెలవుకూ వస్తాడు, చాక్లెట్లు పంచుతాడు, వెళ్తాడు... నేను నోరు తెరవను.

ఇప్పుడైతే ఎవరి పాట కిందైనా ఎవరికి తోచింది వాళ్లే రాసేస్తున్నారు. అప్పుడు విన్నవాళ్లకూ మామకూ మధ్య నేనొక్కదాన్నే ఉన్నాను...

మా వైపు వాళ్లెవరైనా ఆ రోజుల్లో ఏ ఫోన్‌లోనైనా 'పసుపు ఆవిరి' విని ఉంటే, మీకేమనిపించిందో కింద రాయండి. తిట్టినా సరే... రాజక్కలా వినలేక బంద్ చెయ్యమన్నా సరే, అదే రాయండి. మామ ఇప్పుడు ఫోన్‌లో తెలుగు కూడబలుక్కుని చదువుతున్నాడు.

ఇది కూడా చదువుతాడు.