చలికాలపు జబ్బని ఆవిడ అనలేదు

ఈ మధ్యాహ్నం కుళాయి తిప్పితే మేడమీది ట్యాంకు నీళ్లు చెయ్యి కాలేంత వేడిగా వచ్చాయి. మొహం తుడుచుకుంటుండగానే ఫోను. ఎవరో ఒకావిడకు రెండు రోజులుగా ఒక కన్ను మసకగా ఉందట. కంటి లోపల రక్తనాళం మూసుకుపోయే జబ్బు చలికి కదా వచ్చేది, ఇది ఎండాకాలమే కాబట్టి వారం ఆగొచ్చా అని అడుగుతోంది. ఇవాళే ఆసుపత్రికి వెళ్లమని చెప్పడానికి గొంతు చించుకోవాల్సి వచ్చింది. మీ డాక్టరమ్మే కనిపెట్టారంట గదా అని ఎదురు ప్రశ్న. ఆవిడ కనిపెట్టలేదు. ఆ మాట పుట్టించింది నేను.

డాక్టరమ్మ కోడంబాక్కం స్టేషను వెనక చిన్న క్లినిక్ నడిపేవారు. తరతరాలుగా మద్రాసులోనే ఉన్న కుటుంబం. చూపు పరీక్షించే పని నాకు నేర్పింది ఆవిడే. ఓపిక బొత్తిగా లేని మనిషి. ఒక ఏడాది పొంగల్ దాటగానే ఈ జబ్బుతో మనుషులు వరసగా రావడం గమనించి, గొప్ప సంగతి పట్టేశానన్న ధీమాతో వెళ్లి చెప్పాను. చలికి రక్తం చిక్కబడుతుందని కారణం కూడా నేనే జోడించాను.

ఆవిడ కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. "నవంబరు వానల్లో మోకాటి లోతు నీళ్లు దాటుకోని ఈడికి ఎవురొస్తారు రా? ఆమీట పండగలు. అన్నీ అయినాక తీరిగ్గా వస్తారు. పొంగలికి వచ్చేది మనుషులు. జబ్బు ఎప్పుడొచ్చిందో పోయి అడుగు."

అడిగాను. ఒకాయన దీపావళికి ముందు నుంచే అన్నాడు. ఇంకొకావిడకు అసలు తెలియదు. రెండో కన్ను బాగానే ఉండటంతో, ఏదో పనిలో దానికి చెయ్యి అడ్డం వచ్చేదాకా మొదటిది పోయిన సంగతే తెలియలేదు. అయినా నేను పట్టు వదల్లేదు. మరి ఏ కాలంలో ఎక్కువొస్తుందో మీరే చెప్పండన్నాను. తనకు తెలీదన్నారు. అంత చదువుకున్న మనిషి ఆ మాట అంత తేలిగ్గా అనేస్తే నాకు ఒళ్లు మండింది. "తెలీనిదాన్ని తెలీదంటే నీకేం నొప్పి? సెరి, బయట కూర్చున్నాయనకి బీపీ చూసినావా? ముందు అది చూడు పో."

ఆవిడ పోయాక సంతాపసభలో అందరూ ఆవిడ ముక్కోపం గురించే నవ్వుతూ చెప్పుకుంటుంటే నాకు రోషం వచ్చింది. మైకు అందుకుని, ఈ జబ్బు చలికాలంలోనే వస్తుందని మా డాక్టరమ్మ ఏనాడో కనిపెట్టారన్నాను. చప్పట్లు కొట్టారు. ఎవరో వీడియో తీశారు. ఇప్పటికీ అది తిరిగి తిరిగి నా ఫోనుకే వస్తుంది. అది తప్పని కింద రాస్తాను. దానికీ దండాల బొమ్మలే పెడతారు.

ఆ సభలో, సినిమాలకు దుస్తులు కుట్టే మస్తానయ్య ముందు వరసలో ఉన్నాడు. తర్వాతి వేసవిలో ఆయన కుడికన్ను మసకబారింది. ఎండ వేడి అనుకుని దోసకాయ ముక్కలు పెట్టుకుంటూ కూర్చున్నాడు. వానలు మొదలయ్యాక వెళితే ఇంజెక్షన్లు వేశారు గానీ చూపు పెద్దగా తిరిగి రాలేదు. ఎందుకు ఆగావని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆయనే చెప్పాడు. "చలికాలందని నువ్వే చెప్తివి గదన్నా. ఇది వేరే ఏదో అనుకుంటిని."

ఇప్పుడు నాకు కళ్లజోళ్ల దుకాణం ఉంది. మస్తానయ్య అప్పుడప్పుడు సూదులు తెచ్చి బల్ల మీద పెడతాడు. ఒంటికన్నుతో దారం బెజ్జానికి ముందుకో వెనక్కో పోతుందట. ఎక్కించి ఇస్తాను. మొన్న అలా ఎక్కిస్తుండగా ఒకాయన వచ్చి ఈ జబ్బు ఏ కాలంలో వస్తుందని అడిగాడు. నాకు తెలీదు, మసక అనిపిస్తే ఆ రోజే వెళ్లండన్నాను. ఆయన వెళ్లాక మస్తానయ్య తలెత్తి చూశాడు.

"ఈ మాట అప్పుడే అనుంటే అయిపోయేది గదన్నా."

మిగిలిన సూదికి కూడా దారం ఎక్కించి ఆయన చేతికిచ్చాను.