చెలమ ఫొటో

ములకలపల్లిలో నాకు ఫొటో స్టూడియో ఉండేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలు, ఇంకా రీళ్ళ కెమెరాలే. మంచినీళ్ళ గురించి పనిచేసే ఒక సంస్థవాళ్ళు వచ్చి, అడవి అంచు గూడెంలో జనం తాగే నీళ్ళను ఫొటోలు తీసిమ్మన్నారు. అవి ఇంజనీరుకు చూపించి బోరు వేయించాలని వాళ్ళ ఆలోచన. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడిగినా పెట్టనివాళ్ళకు ఫొటోలు చూపించాలి కాబోలు అనుకున్నాను.

ఆ గూడేనికి వాగు ఇసుకలో తవ్విన చెలమే దిక్కు. ఎండాకాలం అందులో ఊరేది బురదే. ఫొటోలాయన వస్తున్నాడని ముందే కబురెళ్ళింది. నేను వెళ్ళేసరికి ఆడవాళ్ళు పెళ్ళి చీరల్లో ఉన్నారు. పాత చెలమ పూడ్చి, పక్కనే కొత్తది తవ్వి, నీళ్ళు తేటపడేదాకా ఎవర్నీ ముట్టనివ్వలేదట. బిందెలు చింతపండుతో తోమారు. బురదగా ఉన్నదే కావాలమ్మా అంటే నవ్వారు. ఫొటో అంటే వాళ్ళకు పెళ్ళిలో తీసేదే మరి.

ఇంజనీరు ఆ ఫొటోలు తిరగేసి, "గింత తేట నీళ్ళుంటే బోరెందుకయ్యా? మా ఇంట్ల గూడ గిట్ల రావు" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఈసారి చెప్పకుండా వెళ్ళాను. చెలమ దగ్గర ఒక ముసలామె, ఆమె కోడలు నీళ్ళు తోడుతున్నారు. కోడలి బిడ్డ వాంతులు, విరేచనాలతో దవాఖానాలో ఉంది. బిడ్డ దగ్గర భర్తను ఉంచి, బియ్యం తీసుకుపోదామని ఆమె ఆ పూటే వచ్చింది.

నేను కెమెరా తీయగానే ముసలామె బిందె మీద కొంగు కప్పింది.

"ఏంది కొడుకా, మా మురికి నీళ్ళు లోకానికి సూపెడతవా? మా ఇజ్జత్ పోదా?"

కెమెరా దించాను. ఆమె మాట తప్పని నాకనిపించలేదు. కోడలు మాత్రం చెలమలో గ్లాసు ముంచి, ముఖం పక్కన పట్టుకుని నిలబడింది. గ్లాసు నిండా ఎర్రటి బురద.

"గ్లాసే తీస్తానక్కా, నీ ముఖం రాదు" అన్నాను.

"ముఖం గూడ తియ్యన్నా. నా బిడ్డ తాగింది గివే నీళ్ళు. సిగ్గు నాకెందుకు?"

తీశాను.

ఆ ఫొటో పెద్దది చేయించి నేనే తీసుకెళ్ళాను. ఇంజనీరు చేతికిచ్చి, ఆమె బిడ్డ దవాఖానా పాలైన సంగతి చెప్పాను.

"పిల్లకెట్లుంది?"

"బతికింది సార్. ఇంటికి తెచ్చిన్రు. మళ్ళా ఆ నీళ్ళే తాగుతాంది" అన్నాను.

ఆయన ఫొటోను బల్ల మీద బోర్లా పెట్టి, బోరు కాగితం మీద సంతకం చేశాడు.