పొయ్యి ముట్టని ఇల్లు

ఉదయం ఆరుంపావుకు పక్కింటి మరాఠీ ఆవిడ గోడ మీదుగా జొన్నరొట్టెలు అందించింది. మిల్లు మొదటి షిఫ్టు కూత అప్పటికే అయిపోయింది. నేను అందుకుని లోపల పెట్టాను. అది మా అమ్మాయిని పూడ్చిన మర్నాడు.

కాగజ్‌నగర్‌లో కాగితం మిల్లు గుమాస్తాగా నాకు క్వార్టరు ఇచ్చారు. పాపకు తొమ్మిదేళ్లు. హైదరాబాదు దవాఖానాలో నెత్తుటి క్యాన్సర్ అన్నారు. పాప పోయిందని తెలిసి మా ఊరు చొప్పదండి నుంచి వచ్చిన మావాళ్లు దాన్ని రాచపుండుగా అర్థం చేసుకుని, పుండు ఎక్కడ ఉందని అడిగారు. ఎక్కడా లేదు. పాప తెల్లగా పాలిపోయింది, చిగుళ్ల నుంచి రక్తం కారింది, అంతే. అంటుకుంటుందేమోనని భయపడి, మావాళ్లు మా ఇంట్లో నీళ్లు ముట్టకుండానే సాయంత్రం రైలెక్కారు.

చావింట్లో పొయ్యి ముట్టించరు. అయినవాళ్లు వండి తేవాలి. ఆ క్వార్టర్ల లైనులో మాకు అయినవాళ్లు లేరు. పొద్దున మరాఠీ ఆవిడ రొట్టెలు, శనగపిండి కూర పంపేది. మాపటికి ఎదురింటి ముసలామె అన్నం, పప్పు తెచ్చేది. ఆమె కొడుకు మిల్లులో ఫిట్టరు. వాళ్లు తురకలు. మాకు మాంసం పంపవచ్చో లేదో తెలియక ఆమె రోజూ పప్పే వండింది.

చిన్నపిల్లలు పోతే మా వైపు మూడు దినాలే. ఆ సంగతి మేము ఎవరికీ చెప్పలేదు. చెబితే పొయ్యి ముట్టించాలి. నా భార్య వంటింట్లోకి పోవడం లేదు. అన్నం పెడితే తినేది, పెట్టకపోతే అడిగేది కాదు. ఆమె ఇక లేవదేమోనని నాకు అనిపించేది. అనిపించినా ఏమీ చేయలేదు. డ్యూటీకి పోయి వచ్చేవాణ్ని.

ఒకరోజు వాకిట్లో మరాఠీ ఆవిడ, ముసలామె మాట్లాడుకోవడం విన్నాను.

"మాకు పదమూడో దినంతోటి అయిపోతది చాచీ. వీళ్లకు ఎన్ని దినాలో ఏమో."

"అడుగుతరా ఎవరన్నా? మాకైతే నలభై. నలభై అనుకో."

"అందాక నా జొన్నలు ఆగుతయా?"

"ఆగకుంటే నా ఇంట్లకెంచి తీస్కపో. అయినా నీ రొట్టె రాయి తీరుగుంటది. వాళ్లు దుఃఖంల ఉన్నరు గాబట్టి తింటుండ్రు."

"నోట్ల పల్లు లేనామెకు నా రొట్టె సంగతి ఎట్ల ఎరుక?"

ఇద్దరూ నవ్వారు. నన్ను చూసి ఆగిపోయారు. నాకు కోపం రాలేదు, నవ్వూ రాలేదు.

పదమూడు దాటింది. నలభై కూడా దాటింది. ఎవరి లెక్కా ఎవరికీ తెలియక వంట వస్తూనే ఉంది.

వానలు మొదలైన తర్వాత ఒక పొద్దున రొట్టెలు రాలేదు. నేను ఖాళీ కడుపుతో డ్యూటీకి పోయాను. మధ్యాహ్నం వచ్చేసరికి మా వంటింట్లోంచి పొగ వస్తోంది. రొట్టెలు ఎందుకు రాలేదో చూద్దామని నా భార్య పక్కింటికి పోయిందట. ఆవిడ జ్వరంతో పడుకుని ఉంది, ఇంట్లో ఇంకెవరూ లేరు. తిరిగి వచ్చి పొయ్యి ముట్టించి, అన్నం, చారు చేసి తీసుకుపోయింది.

నాకు వడ్డిస్తూ అక్కడి మాటలు చెప్పింది.

"ఉప్పెయ్యలేదు బాయీ అన్నది. మర్సిపోయిన అక్కా అన్న. ఏం గాదు, నా కొడుకు పోయినప్పుడు నేను గూడ శాన దినాలు మర్సిపోయిన అన్నది."

ఆవిడకు ఒక కొడుకు ఉండేవాడని, చనిపోయాడని మాకు అప్పటిదాకా తెలియదు. ఇన్ని దినాలు గోడ మీదుగా రొట్టెలు అందించింది గాని, ఆ మాట అనలేదు.

"ఎన్నేండ్లోడట?" అన్నాను.

"అడగలే. రేపు పోయి అడుగుత."

చారులో ఉప్పు లేదు. తిన్నాను.

తర్వాత మేము లక్సెట్టిపేటకు మారాము. చాలా ఏళ్లకు, మొన్న పని మీద కాగజ్‌నగర్‌లో ఆ లైనుకు పోయాను. ఒక ఇంట్లో మనిషి పోయి రెండో రోజు. హోటలు నుంచి డబ్బాల్లో అన్నం వచ్చింది. పక్కిళ్ల నుంచి వండి పంపడం ఇప్పుడు అక్కడ లేదు.