రూల్లో లేని అన్నం

నేను బడిలో చదివింది ఎనిమిదో తరగతి దాకే. మిగతా చదువంతా తిరుపతిలో మా వీధి చివర ఉన్న గ్రంథాలయంలోనే. ఈ మాట ఎవరితోనైనా కాస్త గర్వంగానే చెప్తాను. బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో దుప్పట్లు ఉతికి మడతలు పెట్టే పని నాది. పని దిగాక గంటసేపు గ్రంథాలయంలో కూర్చుని, తర్వాతే ఇంటికి పోతాను. దినపత్రికలతో మొదలుపెట్టి, బీరువాల్లో అడుగు అరల దాకా రావడానికి ఏళ్లు పట్టింది.

కొన్నాళ్ల కిందట ఆ గంట నాకు దక్కకుండా పోయేలా ఉండింది. మా ఇంటి ఓనరు అద్దె పెంచాడు. గది ఖాళీ చేసి వడమాలపేటలో మా బావగారి ఇంటికి పోదామన్నాడు మా ఆయన. అక్కడ అద్దె ఉండదు. కానీ పని దిగీదిగగానే నేను బస్సు పట్టుకోవాలి. ఇక గ్రంథాలయం ఎక్కడిది? అలాగని ఆయన మాటలో తప్పు పట్టడానికీ లేదు. గ్యాసు, నూనె, టమోటాల ధరలు కొండెక్కే బస్సులో పోతుంటే, నా జీతం అలిపిరి మెట్ల మీద ఆగి ఆయాసం తీర్చుకుంటున్నట్టు ఉండేది.

అప్పుడే ఒక పత్రికలో చదివాను. కనీస వేతనం అంటే ఒకే ముక్క కాదట. అందులో కరువు భత్యం అని ఒకటి కలుస్తుందట. ధరలు పెరిగేకొద్దీ దాన్నీ సవరిస్తారట. గ్రంథాలయం ఆయన నా కోసం పాత పత్రికల కట్టలు విప్పి ముందు పెట్టాడు. వెతికి చూస్తే, మా లాడ్జిలో ఇచ్చేది ఆ వేతనం కంటే తక్కువే.

లాడ్జిలో పనిచేసే ఆడవాళ్లం నలుగురం. యాత్రికుల భోజనాలు అయ్యాక లాడ్జి మెస్సు వెనక వరండాలో మాకు ఆకులు వేసి అన్నం పెట్టేవాళ్లు. అక్కడే ఈ సంగతి చెప్పాను. రోజూ పుత్తూరు నుంచి బస్సులో వచ్చి ఇస్త్రీ చేసే పెద్దామెను మేమంతా అక్కా అని పిలుస్తాం. ఆమె మొత్తం విని ఒకటే అడిగింది.

"ఆ లెక్కలో మా పుత్తూరు బస్సు చార్జీ ఉండాదా మే?"

నాకు తెలియదు. చదివి చెప్తానన్నాను.

నలుగురం కలిసి పోయి లాడ్జి ఓనరును అడిగాం. ఆయన కోప్పడలేదు. పై నెలలో జీతం పెంచి ఇచ్చాడు. ఆ మధ్యాహ్నం నుంచి మాత్రం వరండాలో ఆకులు వేయలేదు. ఎందుకని అడిగితే, "రూలు ప్రకారం జీతం అడిగితిరి, ఇస్తిని. రూల్లో అన్నం లేదు కదమ్మా" అన్నాడు.

ఈ ఊళ్లో బయట భోజనం ధర ముందు ఆ పెంచింది ఏ మూలకూ రాలేదు. మా ఆయన వడమాలపేట మాట మళ్లీ ఎత్తాడు. గదులు ఊడ్చే చిన్నామె నన్ను వదల్లేదు. "బాగా సదివినావు మే, మా అన్నం గూడా సదివేసినావు. ఇంగ పుస్తకాలే వడ్డించు, తిందాం" అంది. నేనూ నవ్వాను గానీ, ఆ సాయంత్రం గ్రంథాలయంలో ఒక్క పేజీ కూడా ముందుకు సాగలేదు.

మర్నాడు అక్క ఇంటి నుంచి రాగి సంగటి, చెనక్కాయల పచ్చడి తెచ్చింది. మమ్మల్ని బయటికి పోనివ్వకుండా అదే వరండాలో, రోజూ కూర్చునే చోటే కూర్చోబెట్టి నలుగురికీ పంచింది. ఓనరు రోజూ మెస్సులోనే తింటాడు. చెయ్యి కడుక్కోవాలంటే మా వరండాలోని కొళాయి దగ్గరికే రావాలి. ఆ రోజూ వచ్చాడు.

"రా సామీ, ఒక ముద్ద సంగటి తిందువు రా" అని పిలిచింది అక్క.

ఆ పిలుపులో ఎత్తిపొడుపు లేదు. తినే వేళకు ఎవరొచ్చినా ఆమె అలాగే పిలుస్తుంది, మా వైపు అందరూ అంతే. పిలిచాక వద్దని పోవడం బాగుండదు. ఆయన చెయ్యి చాచి ముద్ద తీసుకున్నాడు.

"ఉప్పు సరిపోయిందా సామీ?"

"సరిపోయిందమ్మా" అన్నాడు. ఆ తర్వాత చెయ్యి కడుక్కుని నేరుగా వంటాయన దగ్గరికి పోయాడు.

మర్నాడు వరండాలో మళ్లీ ఆకులు వేశారు. పెంచిన జీతం పెంచినట్టే ఉంది. పెరిగిన అద్దె ఇచ్చి మేమూ ఆ గదిలోనే ఉండిపోయాం. జీతం ధరలను అందుకుందా అంటే, లేదు. ఇప్పటికీ వెనకే నడుస్తోంది. కానీ పాత కట్టలు విప్పిన ఆయన, సంగటి పంచిన అక్క, ముద్ద కాదనకుండా తీసుకున్న ఓనరు, వీళ్లలో ఏ ఒక్కరు లేకపోయినా ఇప్పుడు సాయంత్రాలు నేను వడమాలపేట బస్సులో నిలబడి ఉండేదాన్ని.

అక్క ప్రశ్నకు జవాబు తర్వాత దొరికింది. ధరల లెక్కలో ప్రయాణం ఖర్చు కూడా ఉంటుందని చదివి, భోజనాల దగ్గర చెప్పాను.

"అట్లయితే ఆ లెక్కేసేవోళ్లు ఒకతూరి మా బస్సెక్కి రావాల" అంటూ తన ఆకులోని అప్పడం నా ఆకులో వేసింది అక్క.

ఆ సాయంత్రం గ్రంథాలయం తలుపులు మూసేదాకా కూర్చున్నాను.