రెండు జతల తీగలు

వీధి చివర బట్టలు కుట్టే ఆవిడకు యాభై దాటాక రేడియో పిచ్చి పట్టింది. పరీక్ష రాసి, ఇంటి నుంచే రేడియోలో మాట్లాడేందుకు లైసెన్సు తెచ్చుకుంది. ఒకే యాంటెనాతో దగ్గరివాళ్లతోనూ, దూరదేశాలవాళ్లతోనూ మాట్లాడాలని ఆవిడ ఆశ.

అందుకని డాబా మధ్యలో గుంజ నిలబెట్టి, రెండు వైపులా తీగలు లాగింది. దగ్గరివాళ్ల కోసం నలభై మీటర్ల బ్యాండుకు వైపుకు పది మీటర్ల తీగ, దూరంవాళ్ల కోసం ఇరవై మీటర్ల బ్యాండుకు ఐదు మీటర్లది. కుట్టు టేపుతోనే కొలిచి, పొట్టి తీగను పొడుగుదానికి ఆనించి కట్టేసింది.

పొడుగు తీగ బాగానే పలికింది. పొట్టిది మొండికేసింది. పంపిన శక్తి ఎంత వెనక్కి తిరిగొస్తోందో చూపే మీటరులో ముల్లు దిగనే లేదు. కాస్త కత్తిరించింది, మళ్లీ అతికించింది. మూడు రోజులు అదే పని.

"కొలత తప్పలేదు కదా, మరెందుకిలా?" అని గొణుక్కుంది.

ఆరిన బట్టలు తీయడానికి వచ్చిన అత్తగారు తలెత్తి చూసింది. "రెండూ అలా అతుక్కుని ఉన్నాయేంటే? ఒకదాని మాటకి ఇంకోటి అడ్డం రాదూ?"

కోడలు కత్తెర కింద పెట్టింది. పొట్టి తీగల కొసలు మూరెడు కిందికి దించి, విడిగా తాళ్లతో కట్టింది. ముల్లు చటుక్కున దిగిపోయింది.

ఆ సాయంత్రం సముద్రం అవతలి నుంచి ఎవరో ముసలాయన జవాబిచ్చాడు.

"అక్కడింకా తెల్లారలేదట అత్తయ్యా!"

"మనకి పొద్దుగూకుతుంటే వాళ్లకి తెల్లారకపోవడమేంటే? సరిగ్గా అడుగు," అంటూ అత్తగారు కుర్చీ దగ్గరికి లాక్కుంది.